గరిటెపాలెంలో ఆఖరి ప్రజ

నూకరత్నం పిండిమర ముందు కాలవ మీద సిమెంటు పలక విరిగి చాలా కాలమైంది. విరగ్గొట్టింది పరాయివాళ్లెవరూ కాదు, మున్సిపాలిటీ వారి చెత్త ట్రాక్టరే. పలక లేని వీధిలోకి బండి తోలడం ప్రమాదమని ఆ ట్రాక్టరే ఆ తర్వాత రావడం మానేసింది. చెత్త బండి రాని వీధికి కొళాయి మనిషెందుకొస్తాడు? కొళాయి మనిషే రాని వీధిలో దీపం మాడిపోతే ఎవడు చూస్తాడు? అలా ఆ వీధి మీద మున్సిపాలిటీ వారికి మెల్లగా మమకారం పోయింది.

నూకరత్నం చూసి చూసి, పెరట్లో స్నానాలగది తలుపు ఊడబెరికి కాలవ మీద అడ్డంగా పడేసింది. మరకొచ్చే ఆడవాళ్లు బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని దాని మీద అడుగెయ్యగానే అది కిర్రుమనేది. ఊడదియ్యడం మరిచిపోయిన గొళ్లెం పైకి పొడుచుకొచ్చి కాలికి తగిలేది. ధైర్యమున్నవాళ్లు దాటేవారు, లేనివాళ్లు రెండో వీధి మరకి పోయేవారు. ధైర్యవంతులు రానురాను తగ్గిపోతున్నారు. మర ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. ఇంటాయన సన్నిబాబు ఉన్నాడు గానీ, ఉన్నాడంటే ఉన్నాడు, అంతే.

కొత్త కమిషనర్ త్రివిక్రమరావు బదిలీ మీద వచ్చి కుర్చీలో సర్దుకోకముందే ఆవిడ పలక కోసం అర్జీ పట్టుకుని వెళ్లింది. అదే పూట అదే బల్ల మీదికి పైనుంచి ఓ ఉత్తర్వు కూడా వచ్చింది. అర్జీ, ఉత్తర్వు పక్కపక్కనే పడ్డాయి. కమిషనర్ గారు ఉత్తర్వు అందుకున్నారు.

ఎక్కడో ఓ ఊళ్లో అధికారులు గదిలో తలుపులు మూసుకుని తమ జీతాలు తామే పెంచేసుకున్నారట. అది కాస్తా బయటికొచ్చి గోలయింది. పైవారు మండిపడి ఈ ఉత్తర్వు వదిలారు. "ఇకమీదట స్థానిక సంస్థల అధికారుల జీతభత్యములు ప్రజల పర్యవేక్షణలో, ప్రజల సమక్షమున, ప్రజల ఆమోదముతో మాత్రమే నిర్ణయింపబడవలెను. ప్రజ యనగా సదరు సంస్థ నుండి ఏ విధమైన లబ్ధియు పొందని స్థానిక నివాసి అని గ్రహించునది."

సూపరింటెండెంటు అచ్యుతం దాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. ఆయన సర్వీసంతా ఉత్తర్వులు చదవడంలోనే గడిచింది. రాసినవాడికి కూడా తోచని సంగతులు అందులోంచి బయటికి లాగుతాడని జిల్లా అంతటా పేరు.

"అయ్యా, పాత సిబ్బందికి పాత జీతాలున్నాయి కాబట్టి ఇబ్బంది లేదండి. కొత్తగా నిర్ణయం కావలసింది తమరిదొక్కటే. ప్రజ ఒప్పుకునేదాకా తమరికి జీతం రాదండి," అన్నాడు.

కమిషనర్ గారి మొహం మాడిపోయింది.

"బాబూ, నా పలక," అంది నూకరత్నం.

"అమ్మా, మీ విషయం సానుభూతితో పరిశీలనలో ఉంచడమైనది," అన్నారాయన, ఉత్తర్వు మీంచి కళ్లు తియ్యకుండా.

మర్నాడు ఊళ్లో దండోరా వేశారు. అధికారుల జీతం ఇక మీరే తేల్చాలహో అనేసరికి గరిటెపాలెం ఉబ్బి తబ్బిబ్బయిపోయింది. మున్సిపాలిటీ జీతాలంటే ఆ ఊరికి ఎప్పట్నుంచో కడుపుమంట. రిటైరైన లెక్కల మాస్టారు దక్షిణామూర్తి గారి అధ్యక్షతన కొందరు పెద్దలు ప్రథమ పర్యవేక్షక సంఘంగా ఏర్పడ్డారు.

"కమిషనరంటే ఎవరు? మన నౌకరు! నౌకరు జీతం యజమాని నిర్ణయిస్తాడు!" అని మాస్టారు తొలి సమావేశంలోనే బల్ల గుద్దారు. అందరూ చప్పట్లు కొట్టారు. జీతం తనది గనక కమిషనర్ గారు కూడా కొట్టారు. ఉప్మా, కాఫీ వచ్చాయి. పాపం పనులు మానుకుని వచ్చారని తలా ఒక హాజరు భత్యం కవరు కూడా చేతిలో పెట్టారు.

కవర్లు జేబుల్లోకి వెళ్లాక అచ్యుతం గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, చిన్న చిక్కండి. వీరు సంస్థ నుంచి భత్యం పుచ్చుకున్నారు. అంటే లబ్ధి పొందారు. కనక ఈ క్షణం నుంచి వీరు ప్రజ కారు."

"ప్రజ కాకపోతే మేమెవరమయ్యా?" అని మాస్టారు లేచారు.

"తమరు అధికారుల కోవలోకి వస్తారండి. తమరు పుచ్చుకునే భత్యాన్ని ప్రజలు పర్యవేక్షించాలి. ఆ తర్వాతే తమరు కమిషనర్ గారి జీతం జోలికి వెళ్లాలి."

మాస్టారికి కోపం నెత్తికెక్కబోయింది. ఇంతలో 'అధికారుల కోవ' అన్న మాట చెవిలోంచి లోపలికి దిగింది. ఆయన కూర్చుని కండువా సర్దుకుని, అటెండరు పోలయ్యని అంతవరకూ ఎప్పుడూ వాడని గొంతుతో ఇంకో కాఫీ తెమ్మన్నారు.

అలా ప్రథమ సంఘం భత్యాన్ని పర్యవేక్షించడానికి ద్వితీయ సంఘం వచ్చింది. వారు మాత్రం ఉత్త కడుపుతో ఎలా పర్యవేక్షిస్తారు? వారికీ ఉప్మా, కాఫీ, కవరు. వారి కవరు సంగతి చూడటానికి తృతీయ సంఘం, వీరి ఉప్మాలో జీడిపప్పు పడటంలోని ఔచిత్యాన్ని విచారించడానికి చతుర్థ సంఘం. చతుర్థం వారు ఆ ఉప్మాని స్వయంగా తిని చూసి జీడిపప్పు ఉన్నమాట వాస్తవమేననీ, అయితే అది చాలలేదనీ నివేదిక ఇచ్చారు.

ఊళ్లో అంత ఉత్సాహం ఎవరూ ఎరగరు. కిరాణా కొట్టు మూసి పంచమంలో ఒకాయన చేరితే, వాళ్లావిడ పప్పు రుబ్బడం మానేసి షష్ఠంలో చేరి మొగుడి భత్యం మీద అభ్యంతరం లేవదీసింది. పెళ్లిచూపుల్లో కుర్రాడు ఏం చేస్తున్నాడని అడగడం పోయి, ఏ సంఘమని అడగడం వచ్చింది. బట్టల కొట్లలో శాలువాలు దొరకడం మానేశాయి. రోడ్లకీ కాలవలకీ పెట్టిన సొమ్మంతా చక్కగా హాజరు భత్యాల్లోకి మళ్లింది. మొత్తం ఊరికి మున్సిపాలిటీ నుంచి రాబడి మొదలైంది.

ఆఫీసులో రాబడి లేనిది ఒక్క కమిషనర్ గారికే. ఆయన జీతం ఫైలు ఈ సంఘాలన్నింటికీ అవతల ఉంది. కింది సంఘం ఒప్పుకుంటే గానీ పై సంఘం కదలదు, పైది కదిలితే గానీ ఫైలు ఆయన దాకా రాదు. క్వార్టర్సు కురుస్తోందని ఆయన వేరే వీధిలో అద్దెకుంటున్నాడు. మామగారు పంపిన బియ్యంతో రోజులు వెళ్లదీస్తున్నాడు. చొక్కా అదే గానీ లోపల మనిషి తగ్గిపోయాడు.

నూకరత్నం ప్రతి సంఘం దగ్గరికీ వెళ్లింది.

"మా పరిధి ద్వితీయం వారి కాఫీ వరకేనమ్మా. పలకలు మా దృష్టికి తేవడం సబబు కాదు," అని ఒకరు. "పలక విషయమై మాకు వ్యక్తిగతంగా బాధే. సంఘపరంగా మాత్రం ఏమీ లేదు," అని ఇంకొకరు.

ఆ ఇంకొకరు సన్నిబాబే. సప్తమ సంఘంలో చేరాడు. రోజూ తలుపు మీంచి దాటుకుని వెళ్లి భత్యం పుచ్చుకొస్తున్నాడు.

"నువ్వూ సేరవే ఎర్రిదానా," అన్నాడో రోజు మెళ్లో శాలువా తియ్యకుండానే. "కూకుంటే డబ్బులిత్తారు. నోరిప్పక్కర్నేదు."

"పలకేసిన్నాడు సేరతాను," అంది నూకరత్నం, మర తొట్టిలో గోధుమలు పోస్తూ. "అందాకా ఆల ఉప్మా నాకొద్దు. ఆలెవలూ పిండి మరాడించుకోడానికి రానేరు గానీ కవర్ల కోసం ఊరంతా ఎగబడతన్నారు."

ఆవిడకి సిద్ధాంతాలేవీ లేవు. పలక కావాలంతే. ఆ మాట మీద మొండిపట్టు పట్టి కూర్చుంది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఆఖరున ఏర్పడ్డ సంఘం భత్యాన్ని ఒప్పుకోవడానికి ప్రజ కావాలి. అచ్యుతం బయల్దేరి వెతికితే ఊళ్లో ప్రజ అయిపోయింది. సంఘాల్లో లేనివి ఏవో నాలుగు ముసలి ప్రాణాలున్నాయి గానీ, వాళ్లు మున్సిపల్ కొళాయి నీళ్లు తాగుతున్నారు. కొళాయి లబ్ధేనని అచ్యుతం తేల్చాడు. వీధి దీపం కింద నడిచినా లబ్ధే. ఇంటి ముందు కాలవ మీద పలక ఉంటే అంతకన్నా లబ్ధి ఉందా?

అలా వడగట్టుకుంటూ వస్తే నీరు రాని, దీపం లేని, చెత్త తియ్యని, పలక లేని చోట, ఏ సంఘంలోనూ చేరకుండా ఒకే ఒక్క మనిషి మిగిలింది. నూకరత్నాన్ని చూసి అచ్యుతం చేతులు జోడించాడు.

"సర్వీసులో ఇంత స్వచ్ఛమైన ప్రజని చూడలేదమ్మా," అన్నాడు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

మరి మొగుడు సప్తమంలో ఉన్నాడు కదా అన్న అనుమానం వచ్చింది. వెంటనే విచారణ జరిపారు. "మీ ఆయన తెచ్చే భత్యంలో మీకేమైనా ఇస్తాడా?" అని అడిగారు.

"పెళ్లయినకాన్నుంచీ ఏటీ ఇవ్వనేదు బాబూ. ఇప్పుడిత్తాడా?" అంది నూకరత్నం. ఆ జవాబు తృప్తికరంగా ఉందని నమోదైంది. సన్నిబాబు తలొంచుకున్నాడు.

కబురందగానే కమిషనర్ గారు శాలువా, దండ పట్టుకుని పరుగున వచ్చారు. తలుపు మీద అడుగెయ్యగానే గొళ్లెం తగిలి తూలారు. ఎలాగో నిలదొక్కుకుని ఆవిడ మెళ్లో దండ వెయ్యబోయేసరికి వెనకనుంచి అచ్యుతం కెవ్వుమన్నాడు.

"అయ్యా, లబ్ధి! దండ లబ్ధండి!"

కమిషనర్ గారు దండని గాల్లోనే ఆపి, మెల్లగా వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక తన మెళ్లోనే వేసుకున్నారు.

"ఈ దండలెందుకు గానీ పలకెయ్యండి బాబూ," అంది నూకరత్నం.

"అదొక్కటీ అడక్కమ్మా," అన్నారాయన దీనంగా. "పలక వేస్తే మీరు లబ్ధిదారులైపోతారు. మీరు లబ్ధిదారులైతే ఊళ్లో ప్రజే ఉండదు. ప్రజే లేకపోతే ఇంతమంది ఎవరి తరఫున పర్యవేక్షిస్తున్నట్టు?"

"అయితే పలకుంటే నాను ప్రజని కాను. ప్రజనైతే నాకు పలక రాదు."

"సూత్రప్రాయంగా అంతేనమ్మా."

ఆ రోజు నుంచీ ఆవిడకి మున్సిపాలిటీ వారి మేలు పొరపాట్న కూడా తగలకుండా కాపలా పెట్టారు. ఓ సాయంత్రం ఏ వైరు ఏ వైరుకి తగిలిందో గానీ ఆ వీధి దీపం దానంతటదే వెలిగింది. అంతకాలం పిలిచినా రాని లైన్‌మాన్ గాలిలా వచ్చి బల్బు ఊడబెరుక్కుపోయాడు. ఆవిడ బజారుకెళితే పోలయ్య నల్ల గొడుగు పట్టుకుని పక్కనే నడిచేవాడు, వీధి దీపాల వెలుతురు ఆవిడ మీద పడకుండా. రోడ్డు సంగతేమిటని ఎవరో కొంటెప్రశ్న వేశారు. అది వేరే శాఖ వారి రోడ్డని అచ్యుతం గట్టెక్కించాడు.

నూకరత్నానికి మొదట నవ్వొచ్చింది. మర పట్టీ తిరగని రోజులు ఎక్కువయ్యేసరికి ఆ నవ్వు పోయి మండింది. ఊరికంతటికీ తను కావాలి, తనకి కావలసిన ఒక్క పలకా ఎవరికీ అక్కర్లేదు.

టౌన్‌హాలులో మహాసభ పెట్టారు. సంఘాల వారందరూ వేదిక మీద కూర్చోవాలి గనక వేదికని పొడిగించారు. ఊరంతా సంఘాల వారే గనక ఇంకా పొడిగించారు. చివరికి హాలంతా వేదికే అయి, గుమ్మం దగ్గర చాప వేసేపాటి జాగా ప్రజకి మిగిలింది. మున్సిపల్ కుర్చీ లబ్ధి కాబట్టి నూకరత్నం మర దగ్గరి స్టూలు చంకన పెట్టుకుని వచ్చి అక్కడ కూర్చుంది. ఆవిడ చీర మీద పిండి ఇంకా దులుపుకోలేదు.

దక్షిణామూర్తి మాస్టారు మైకు అందుకుని ప్రజాశక్తి గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ తర్వాత అచ్యుతం గంభీరంగా ప్రకటించాడు. "ప్రజ గారు చెయ్యి ఎత్తినచో ఆఖరి సంఘం భత్యము ఆమోదము పొందును. తద్వారా సంఘములన్నియు వరసగా ఆమోదము పొంది, కమిషనర్ గారి జీతము మంజూరగును."

వేదిక మీద వెయ్యి కళ్లు ఆవిడ చేతి మీదే ఉన్నాయి. నూకరత్నం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"పలక," అంది.

"అమ్మా, అది అజెండాలో లేదు," అన్నాడు అచ్యుతం.

"నా సెయ్యి కూడా మీ అజెండాలో నేదు బాబూ. అది నా సెయ్యి."

హాలు గోలెత్తిపోయింది. "ప్రజే ఇలా మొండికేస్తే ప్రజాస్వామ్యం ఏమైపోవాలి!" అని మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. పలక వేస్తామని మాటిద్దామన్నారొకరు. మాట కూడా లబ్ధేనన్నాడు అచ్యుతం. బెదిరిద్దామన్నారొకరు. బెదిరించి లొంగదీసుకుంటే అది ప్రజామోదం కాదట. సన్నిబాబు వేదిక మీంచి బతిమాలాడు. ఆవిడ అటువైపు చూడనుకూడా లేదు. స్టూలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూటే భత్యాలన్నీ ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మరాడించిన పిండి ఎవరింటికో ఇచ్చి వస్తూ, నూకరత్నం కమిషనర్ గారి అద్దింటి ముందు ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. ఆవిడకి నిజంగానే జాలేసింది. ఈయన పలక విరగ్గొట్టలేదు. ఉత్తర్వూ రాయలేదు. తన దగ్గరికి వచ్చి గొళ్లెం తగిలి తూలింది కూడా పాపం ఈయనొక్కడే.

"బాబూ, మీకింతవరకూ మున్సిపాలిటీ ఏటిచ్చింది?" అని అడిగింది.

"ఏమిచ్చిందమ్మా! వచ్చినప్పట్నుంచీ ఒక్క కానీ కూడా..." అంటూ ఆయన ఆగిపోయాడు. గంజి గ్లాసు చేతిలో అలాగే నిలిచిపోయింది.

నూకరత్నం ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది. "మరి ఈ ఊళ్లో ఉంటన్నారు. జీతం నేదు. బత్తెం నేదు. ఏ సంగంలోనూ నేరు. మీకంటే ప్రజ ఎవలున్నారు బాబూ?"

అచ్యుతానికి కబురెళ్లింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, ఉత్తర్వు మళ్లీ చదివి, అధికారి ప్రజ కాకూడదని ఎక్కడా లేదని తేల్చాడు. "కాకపోతే అయ్యా, తమరింట్లో కొళాయి ఉంది, వీధిలో దీపముంది, కాలవ మీద పలకుంది. ఇవన్నీ లబ్ధులండి."

"తీసెయ్యండి!" అన్నారు కమిషనర్ గారు, బదిలీ మీద వచ్చాక మొదటిసారి గట్టిగా.

మున్సిపాలిటీ అంత చురుగ్గా పనిచెయ్యడం గరిటెపాలెం ఎప్పుడూ చూడలేదు. కాఫీ వేళకల్లా కొళాయి తెగింది, బల్బు ఊడింది. చెత్త ట్రాక్టరు బుర్రుమంటూ వచ్చింది. పలక ఎక్కి తొక్కెయ్యమంటారా అని డ్రైవరు ఉత్సాహంగా అడిగాడు.

"ఇరగ్గొట్టడమెందుకు నాయనా?" అంది నూకరత్నం. "లేపి నా మర ముందరెయ్యండి. బాబుగారు ప్రజయిపోనాక నాతో మీకు పనేటి? నాకే లబ్ధిచ్చినా ఎవలికి నట్టం?"

అచ్యుతం ఆలోచించి ఇది ఉత్తర్వుకి విరుద్ధం కాదన్నాడు. పలక ట్రాక్టరెక్కింది. ఇక్కడ్నుంచి లేచి అక్కడ దిగేదాకా, ఆ కాసేపూ, గరిటెపాలెంలో ప్రజ రెట్టింపుగా ఉంది. అది దిగి కాలవ మీద కూర్చోగానే నూకరత్నం లబ్ధిదారు అయిపోయింది. పోలయ్య గొడుగు మడిచేశాడు.

ఆ మధ్యాహ్నమే మళ్లీ మహాసభ జరిగింది. నూకరత్నం దగ్గర స్టూలు ఎరువు తెచ్చుకుని కమిషనర్ గారు గుమ్మం దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. ఆయన చెయ్యెత్తితే ఆఖరి సంఘం కదిలింది, అది కదిలితే పైవన్నీ కదిలాయి. వీధిలో మర మోత వినపడుతోందని ప్రజ ఫిర్యాదు చెయ్యడంతో హాలు తలుపులు మూయించారు. అప్పుడు అచ్యుతం కమిషనర్ గారి జీతం అంకె చదివి ప్రజాభిప్రాయం కోరాడు.

ప్రజ గొంతు సవరించుకుని, "కాస్త తక్కువగా లేదూ?" అంది.

వేదికంతా గుసగుసలాడింది. ప్రజాభీష్టాన్ని కాదనే అధికారం ఏ సంఘానికీ లేదు. అంకె పెంచి మళ్లీ చదివారు. ప్రజ రెండు చేతులూ ఎత్తింది. జీతం ప్రజల పర్యవేక్షణలో, ప్రజల సమక్షంలో, ప్రజల ఏకగ్రీవ ఆమోదంతో నిర్ణయమైందని అచ్యుతం పైకి నివేదిక రాశాడు. పారదర్శకతలో గరిటెపాలెం ఆదర్శప్రాయమని, మిగతా ఊళ్లు కూడా ఈ పద్ధతి అనుసరించవలెనని పైనుంచి మెచ్చుకోలు ఉత్తర్వు వచ్చింది.

మహాసభ జరిగిన ఆ రోజు నూకరత్నం మర ఆగలేదు. రెండో వీధికి మళ్లిపోయిన ఆడవాళ్లంతా బియ్యం డబ్బాలు నెత్తిన పెట్టుకుని, కింద చూడకుండా, కబుర్లాడుకుంటూ పలక మీంచి వచ్చారు. వాళ్లు అలా కింద చూడకుండా నడవడం చూస్తే ఆవిడకి కడుపు నిండిపోయింది.

సాయంత్రం జీతం చేతికందిన కమిషనర్ గారు స్వీటు పొట్లాంతో ఇంటికొచ్చి, దాటబోయి, కాలవ ముందు టక్కున ఆగిపోయారు. పలక లేదు. దీపం కూడా లేదు. వెంటనే అచ్యుతానికి ఫోన్ చేశారు.

"అయ్యా, కాలవల పద్దులో సొమ్ము లేదండి, అంతా భత్యాలకే పోయింది. తమరి విషయం సానుభూతితో పరిశీలనలో ఉంచడమైనదండి," అన్నాడు అచ్యుతం. "పైగా వచ్చే ఏడు మళ్లీ ప్రజ కావలసి ఉంటుంది. తమరి ఇల్లు ఇలాగే ఉంటే మంచిదేమో ఆలోచించండి."

కమిషనర్ గారు పొట్లాం పట్టుకుని ఒడ్డున నిలబడిపోయారు. అవతల అరుగు మీద ఆయన భార్య నిలబడి ఉంది. ఇంతలో వీధి మొగలోంచి పోలయ్య వచ్చాడు. నెత్తిన ఓ పాత తలుపు ఉంది. దాన్ని కాలవ మీద అడ్డంగా దించి, కాలితో ఒకసారి తొక్కి చూశాడు. అది కిర్రుమంది.

"నూకరత్నం పంపింది బాబూ. ఇది మున్సిపాలిటీది కాదు, తనది. లబ్ధి కిందకి రాదంట," అన్నాడు పోలయ్య. "గొళ్లెం కాడ మట్టుకు సూసి అడుగెయ్యమంది."